ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్ రివ్యూ: ప్రోబ్ చూపించిన చోటే కోస్తుందా?

నమస్తే అండి. ఇవాళ ఆర్‌ఎన్‌ఏని కోసే ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్ ఎంజైమ్‌నీ, ఎక్కడ కోయాలో దానికి దారి చూపించే కైమెరిక్ ప్రోబ్‌నీ, అంటే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ కలిపి చేసిన చిన్న పోగునీ చూద్దాం. టీ7 పాలిమరేజ్‌తో, అంటే డీఎన్‌ఏ నమూనా (టెంప్లేట్) చూసి ఆర్‌ఎన్‌ఏ అల్లే ఎంజైమ్‌తో, ఆర్‌ఎన్‌ఏ చేసేవాళ్లకి ఈ తలనొప్పి తెలిసిందే. పోగు ముగిసే కొసన, అంటే 3 ప్రైమ్ చివర, టెంప్లేట్‌లో లేని ఒకటి రెండు న్యూక్లియోటైడ్లు (అక్షరాలు) అంటుకుని వస్తాయి. పొడవుని బట్టి ముక్కల్ని విడదీసే జెల్ మీద ఒక్క బ్యాండ్ (గీత) ఉండాల్సిన చోట రెండు మూడు కనబడతాయి. ఆ చివరని ఒకేచోట కోసి సరిచేయడానికే ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్.

ఈ ఎంజైమ్‌ని 1969లో స్టైన్, హౌసెన్ దూడ థైమస్‌లో కనుగొన్నారు. దీనికి సీక్వెన్స్ పట్టింపు పెద్దగా లేదు. డీఎన్‌ఏతో జతకట్టిన ఆర్‌ఎన్‌ఏ దొరికితే చాలు, ఆ ఆర్‌ఎన్‌ఏ పోగుని కోస్తుంది. అందుకే మామూలు డీఎన్‌ఏ ప్రోబ్ వేస్తే జత ఉన్న మేరా ఎక్కడపడితే అక్కడ ముక్కలు చేస్తుంది. 1987లో ఇనౌయే, ఓట్సుకా బృందం దీనికి కళ్లెం వేసింది. ప్రోబ్‌లో నడుమ నాలుగు డీఎన్‌ఏ అక్షరాలు, అటూ ఇటూ 2 ప్రైమ్ ఓ-మిథైల్ ఆర్‌ఎన్‌ఏ, అంటే మిథైల్ తగిలించిన ఆర్‌ఎన్‌ఏ. మిథైల్ ఉన్నచోట ఎంజైమ్ కోయలేదు. కాబట్టి కోత ఆ నాలుగు అక్షరాల కిటికీకే పరిమితం.

ఒక మాట. ఒకటి రెండు అక్షరాల తోక మీద ప్రోబ్ నిలబడదు. కోత చోటు దాటాక ఎనిమిది పది అక్షరాలు టెంప్లేట్‌లోనే అదనంగా పెట్టుకోవాలి.

ఇక పని. ఆర్‌ఎన్‌ఏ 20 పికోమోల్స్, ప్రోబ్ 40. మెగ్నీషియం లేని, కొంచెం పొటాషియం క్లోరైడ్ ఉన్న ట్రిస్ బఫర్‌లో 17 మైక్రోలీటర్లు చేసి, 95 డిగ్రీల్లో 2 నిమిషాలు ఉంచి నిదానంగా చల్లార్చండి. మెగ్నీషియం ముందే వేసి వేడిచేస్తే ఆర్‌ఎన్‌ఏ దానంతట అదే విరిగిపోతుంది. చల్లారాక మెగ్నీషియం ఉన్న 10 రెట్ల గాఢత ఎంజైమ్ బఫర్ 2 మైక్రోలీటర్లు, ఎంజైమ్ 1 మైక్రోలీటరు, అంటే 5 యూనిట్లు. 37 డిగ్రీల్లో అరగంట. ఆపడానికి, మెగ్నీషియంని పట్టేసే ఈడీటీఏ (అర మోలార్) 1 మైక్రోలీటరు.

జెల్ మీద కోత ఒక అక్షరం పక్కకి జరిగినట్టు కనిపిస్తే ప్రోబ్‌ని వెంటనే తిట్టకండి. ఎంజైమ్ ఎక్కడినుంచి వచ్చిందో దాన్నిబట్టి కోత చోటు మారుతుందని 1997లోనే తేలింది. కంపెనీ మారిస్తే కొలత మళ్లీ మొదలుపెట్టాల్సిందే. సగమే కోసిందా? చాలాసార్లు ఆర్‌ఎన్‌ఏ తనలో తానే మడత పడి ప్రోబ్‌ని రానివ్వకపోవడమే కారణం. అక్కడ ఎంజైమ్ రెట్టింపు వేసినా దండగే, చోటు మార్చాలి. లేదా వేడిని తట్టుకునే ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్ తెచ్చి 50 డిగ్రీల పైన నడపాలి.

బ్యాండ్ కాకుండా మసకగా చార పడితే అది ఆర్‌ఎన్‌ఏని ఎక్కడపడితే అక్కడ కోసే ఆర్‌ఎన్‌ఏజ్ ఏ లాంటి ఎంజైమ్ కల్తీ. అలాంటివాటిని ఆపే మామూలు ఆర్‌ఎన్‌ఏజ్ ఇన్హిబిటర్ నిర్భయంగా వేయండి, అది హెచ్‌ని ఆపదు. ప్రోబ్ లేని ట్యూబు ఒకటి, ఎంజైమ్ లేనిది ఒకటి పక్కన తప్పకుండా నడపండి.

తర్వాత ప్రోబ్‌ని తీసేయడానికి డీఎన్‌ఏని కోసే డీఎన్‌ఏజ్ వన్ ఎంజైమ్ వేస్తే లాభంలేదు, మిథైల్ భాగం అలాగే మిగులుతుంది. ఆర్డర్ పెట్టేటప్పుడే బయోటిన్ తగిలించమంటే బయోటిన్‌ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ పూసలతో లాగేయొచ్చు.

డబ్బు సంగతంటారా, ఖర్చంతా ప్రోబ్‌దే. చవగ్గా కావాలంటే 10-23 డీఎన్‌ఏజైమ్, అంటే ఆర్‌ఎన్‌ఏని తానే కోసే డీఎన్‌ఏ పోగు ఉంది, కానీ అది కోసినచోట 3 ప్రైమ్ వైపు సైక్లిక్ ఫాస్ఫేట్ మిగులుతుంది. ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్ మాత్రం అక్కడ శుభ్రమైన హైడ్రాక్సిల్ ఇస్తుంది, అవతలి ముక్కకి 5 ప్రైమ్ ఫాస్ఫేట్. రెండు ముక్కల్ని లైగేజ్‌తో అతికించే పని ఉన్నవాళ్లు నా మాటవిని డబ్బు ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్‌కే పెట్టండి.