భూమికి గంటన్నర, పైపులకి అర నిమిషం

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఈరోజు షాపింగ్ లేదు, టూర్ లేదు. ఇక్కడ అమెరికాలో మా సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి వచ్చాం. నవ్వకండి! మా ఇంటి వెనక ఖాళీ స్థలాన్ని పార్కు కోసం సిటీ కొనాలా వద్దా అని ఈరోజు తేలుస్తారట.

ముందు కన్సెంట్ ఎజెండా. పేచీ లేని పనులన్నీ ఒక కట్ట కట్టి, చర్చ లేకుండా ఒకే ఓటుతో పాస్ చేసేస్తారు. మురుగునీటి పైపులైను మార్చే కాంట్రాక్టూ అందులోనే ఉంది. మా ఆయన కారు పార్క్ చేసి వచ్చేలోపు అయిపోయింది.

తర్వాత మన స్థలం. మనిషికి మూడు నిమిషాలు. మైకు ఎదురుగా చిన్న లైటు: పచ్చ, పసుపు, ఎరుపు. ఒక పెద్దాయన నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చుకున్నారు. మడతలు విప్పుకుని, కళ్ళజోడు సర్దుకుని, ముప్ఫై ఏళ్ళ కిందటి సంగతి మొదలుపెట్టారు. అసలు విషయానికి రాకముందే ఎర్ర లైటు! ఆయన పార్కు కావాలన్నారో వద్దన్నారో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇంకొకావిడ కెలో కేసు ఎత్తారు. కనెటికట్‌లోని న్యూ లండన్ సిటీ అభివృద్ధి పేరుతో జనం ఇళ్ళు తీసుకుంటే, 2005లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో సిటీ వైపే తీర్పిచ్చింది. తీరా ఆ స్థలం ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉంది. మా దగ్గర బలవంతం ఏమీ లేదు, ఓనరే అమ్ముతానంటున్నారు. అయినా ఆవిడ భయంలో అర్థముంది.

నేనూ లేచి అడిగేశా: "కొన్నాక రోడ్డు, నీళ్ళు, డ్రైనేజీ ఎవరి డబ్బుతో అండీ?" ఫైనాన్స్ ఆఫీసర్ ఓపిగ్గా చెప్పారు. బాండ్లంటే సిటీ చేసే అప్పు. జనరల్ ఆబ్లిగేషన్ బాండ్లయితే ఆ అప్పుకి పూచీ మన పన్నులే, మామూలుగా ఓటర్లు ఒప్పుకోవాలి. రెవెన్యూ బాండ్లయితే నీటి బిల్లుల్లాంటి వాటి నుంచి తీరుస్తారు. ఎటు తిప్పినా మన జేబే కదా!

రేటెంత అంటే మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. క్లోజ్డ్ సెషన్ అని లోపలికి వెళ్ళిపోయారు. నాకు మొదట అనుమానమొచ్చింది గానీ, సిటీ ఎంతవరకు పెట్టగలదో అమ్మేవాళ్ళకి తెలిస్తే ఇక బేరమేముంటుంది? మీటింగులు జనం ముందే జరపాలనే కాలిఫోర్నియా చట్టం, 1953 నాటి బ్రౌన్ యాక్ట్ కూడా ఇలా ధర మాట్లాడుకోనిస్తుంది, కాకపోతే ఏ స్థలమో, సిటీ తరఫున బేరమాడేది ఎవరో ముందే బయటపెట్టాలి.

అరగంట తర్వాత బయటికొచ్చి, వచ్చే మీటింగ్‌కి వాయిదా అన్నారు. ఉసూరుమంటూ వస్తుంటే గోడ మీద ఒక మ్యాప్ కనిపించింది. ఎర్ర చుక్కల గీత సరిగ్గా మా వీధి మధ్యలోంచి పోతోంది. ఏంటా అని దగ్గరికెళ్ళి చూస్తే, ఇందాకటి పైపులైను. తవ్వకం వచ్చే నెల నుంచే!

మా ఆయన నా వైపు చూసి, "కారు ఎక్కడ పెడతాం?" అన్నారు.