పన్నెండు స్విచ్చుల కంప్యూటర్

అందరికీ నమస్కారం. తిరుపతి ఎండలో, మిట్టమధ్యాహ్నం, పాత కంప్యూటర్ల కబుర్లు వినడానికి ఇంతమంది వస్తారనుకోలేదు. కరెంటు పోకపోతే చివర్లో ఒకటి నడిపి చూద్దాం.

జేబులో ఫోన్ ఉండగా 1965 నాటి పీడీపీ-8 అనే కంప్యూటర్‌తో పనేంటని మా ఇంట్లోనే అడుగుతారు. దాని మెమరీ 4096 పదాలు, పదానికి 12 బిట్లు. మూల ఆదేశాలు ఎనిమిదే. ధర దాదాపు 18,000 డాలర్లు, ఆ రోజుల్లో అదే చవక! మనలాంటివాళ్లను లాగేది, అది అంత చిన్న యంత్రం కావడమే. ఓపిగ్గా కూర్చుంటే యంత్రం మొత్తం, లోపలి గేట్లనే చిన్న సర్క్యూట్ల నుంచి ప్రోగ్రాం దాకా, ఒక్క మనిషి బుర్రలో పట్టేస్తుంది. ఫోన్ విషయంలో ఆ మాట దాన్ని తయారుచేసినవాళ్లు కూడా అనలేరు.

దాని కోర్ మెమరీ చూడాలి మీరు. ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థంతో చేసిన సన్నటి రింగుల్లోంచి తీగలు దూర్చి అల్లారు. రింగుకో బిట్టు. కరెంటు పోయినా రింగులోని అయస్కాంతం దిశ మారదు, రాసింది పోదు. తమాషా ఏమిటంటే, చదివితే మాత్రం చెరిగిపోతుంది! అందుకే చదివిన ప్రతిసారీ యంత్రమే తిరిగి రాసుకుంటుంది.

మెయిన్‌ఫ్రేమ్, అంటే పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్, సంగతి వేరు. ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్/360 ఇంట్లో పెట్టుకునే సరుకు కాదు. హెర్క్యులీస్ అనే ఎమ్యులేటర్, అంటే ఒక యంత్రంలా నటించే సాఫ్ట్‌వేర్, ఉంటే ఆ వంశం యంత్రాలు ల్యాప్‌టాప్‌లోనే నడుస్తాయి. నాకు మాత్రం అందులో కిక్కు తక్కువ. వాటికి పనులు అప్పజెప్పే జేసీఎల్ భాష రాస్తుంటే ఆదివారం కూడా ఆఫీసుకు వెళ్లినట్టుంటుంది.

హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వాళ్ల టీడీసీ-12 కంప్యూటర్ కూడా 12 బిట్లదే, 1969 నాటిది. అలాంటిది ఇప్పుడు దొరకడం కష్టం. పాత బోర్డులంటే బంగారు పూత కోసం కరిగించే సరుకైపోయింది. మీ ఇళ్లలో ఈసీఐఎల్‌లోనో శ్రీహరికోటలోనో చేసి రిటైరైనవాళ్లుంటే, వాళ్ల మాన్యువళ్లు పాత పేపర్లవాడికి వేసేముందు నాకొక మాట చెప్పండి. ఒకవేళ యంత్రమే దొరికిందా, ఆత్రంగా ప్లగ్గు పెట్టకండి. ఏళ్లతరబడి పడున్న కెపాసిటర్లకు ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే పేలిపోవచ్చు.

బల్ల మీదున్నది పీడీపీ-8కి నకలు. లోపల రాస్ప్‌బెరీ పై అనే బుల్లి కంప్యూటర్, దాని మీద సిమ్‌హెచ్ అనే ఎమ్యులేటర్. నకిలీ అని తీసిపారేయకండి, స్విచ్చులు నొక్కితే తెలుస్తుంది. మెమరీలో చోటు చెప్పడానికి 0200 పెట్టి లోడ్ యాడ్ నొక్కాలి. 7001 పెట్టి, అక్కడ రాయడానికి డెప్, 5200 పెట్టి మళ్లీ డెప్. ఒకటి కలుపు, వెనక్కి వెళ్లు, అంతే ప్రోగ్రాం. మళ్లీ 0200 లోడ్ చేసి స్టార్ట్ నొక్కితే, లెక్క ఫలితం ఉండే అక్యుములేటర్ దీపాలన్నీ ఒకేసారి వెలుగుతున్నట్టుంటాయి. అసలు యంత్రం 4096 అంకెల చుట్టును దాదాపు 12 మిల్లీసెకన్లలో ముగిస్తుంది మరి. కంటికి అందాలంటే ఒక్కో ఆదేశం దగ్గర ఆపుతూ నడపాలి.

ముందు వరుసలో బాబూ, నువ్వు రా. ఒక్కో అంకెకు మూడేసి స్విచ్చులు ఒక గుంపు, వాటి విలువలు ఎడమ నుంచి 4, 2, 1. 0200 అంటే ఎడమ నుంచి రెండో గుంపులో నడిమి స్విచ్చు ఒక్కటే పైకి.