రాత్రి పళ్ళు నూరుతున్నారా? హిప్నోథెరపీ అంటే వశీకరణం కాదు!

నమస్తే అండీ. నిద్రలో పళ్ళు నూరేవాళ్ళకి హిప్నోథెరపీ గురించి చెప్తే చాలు, ‘అమ్మో, వశీకరణమా!’ అంటారు. విన్నప్పుడల్లా బాధేస్తుంది. స్టేజీ మీద చిటికె వేసి నిద్రపుచ్చడం ప్రదర్శన. వైద్యం వేరు.

ముందు ఒక పని చేయండి. వేళ్ళు చెవుల కింద, దవడ మూల మీద పెట్టి పళ్ళు గట్టిగా బిగించండి. గట్టిగా ఉబ్బింది కదా? అది మాసెటర్ కండరం. టెన్షన్ మోసుకుని పడుకున్న రాత్రి, నిద్ర తేలికైనప్పుడల్లా అది అలా బిగుసుకుంటుంది.

మినప్పప్పు వేయకుండా గ్రైండర్ ఆన్ చేశారనుకోండి. రాయి మీద రాయి, గరగరా! అరిగేది రాయే. పంటి మీది ఎనామెల్ కూడా అంతే, అరిగిందంటే మళ్ళీ పెరగదు. రాత్రి పళ్ళకి తొడుక్కోమని డెంటిస్టు ఇచ్చే నైట్ గార్డ్ ఆ రాళ్ళ మధ్య పెట్టిన రబ్బరు ముక్క లాంటిది. పన్ను అరగకుండా కాస్తుంది, ఇస్తే తప్పకుండా వాడండి. కానీ మోటారు తిరుగుతూనే ఉండొచ్చు. అందుకే గార్డ్ పెట్టుకున్నా కొందరికి పొద్దున కణతలు లాగుతుంటాయి.

హిప్నోథెరపీ చెయ్యి వేసేది స్విచ్ మీద. కుర్చీలో వెనక్కి వాలతారు. మాటలు వినిపిస్తూనే ఉంటాయి, నచ్చకపోతే లేచి వెళ్ళిపోవచ్చు. నిద్ర కాదది. 1840లలో జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లండ్ డాక్టరు, గ్రీకులో నిద్ర అనే అర్థమొచ్చే మాటతో హిప్నాటిజం అనే పేరుని వాడుకలోకి తెచ్చాడు. సగం అపోహలు ఆ పేరువల్లే అని నా నమ్మకం.

ఊపిరి నెమ్మదిస్తుంది. నుదురు, చెంపలు, దవడ ఒక్కొక్కటీ వదులవుతాయి. అప్పుడు థెరపిస్టు ఒకే మాట పదే పదే చెప్తారు: ‘పై పన్ను కింది పన్నుకి తగలగానే దవడ వదులైపోతుంది.’ అంటే గ్రైండర్ ఖాళీగా తిరగబోతే స్విచ్ దానంతటదే పడిపోయేలా అలవాటు చేయడం.

1991లో క్లార్క్, రెనాల్డ్స్ అనే పరిశోధకులు పళ్ళు నూరే 8 మందికి నిద్రలో ఆ మాసెటర్ కండరం మీదే ఈఎంజీ, అంటే కండరం ఎంత బిగుసుకుంటోందో కొలిచే పరికరం, పెట్టి చూశారు. థెరపీ తర్వాత బిగింపు తగ్గింది, పక్కన పడుకునేవాళ్ళు కూడా చప్పుడు తగ్గిందన్నారు. కానీ 8 మందే! గ్యారంటీ ఇస్తామనేవాళ్ళని నమ్మకండి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. గురక ఉంటే స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, ఉందేమో చూపించుకోండి. డిప్రెషన్ మందులు మొదలుపెట్టాక పళ్ళు నూరడం వస్తే డాక్టరుకి చెప్పండి, మందులు సొంతంగా ఆపకండి. హిప్నోథెరపీకి అందులో శిక్షణ ఉన్న సైకాలజిస్టు దగ్గరికో, డాక్టరు దగ్గరికో వెళ్ళండి. ఇంట్లో అయితే పడుకోబోయే ముందు పది నిమిషాలు: పెదవులు కలిపి, పళ్ళు విడిగా, థెరపిస్టు చెప్పే ఆ మాటే మనసులో అనుకుంటూ ఉండండి. పొద్దున లేవగానే దవడ మూల తడిమి చూసుకుని, ఎంత బిగుసుందో ఓ కాగితం మీద రాసుకోండి.