ఫోర్ స్టార్ రొయ్యల ప్యాకెట్, స్కాన్ చేస్తే తేలింది ఇదీ

హాయ్ అండి, ముందే చెప్పేస్తున్నా, ఈ ప్యాకెట్ నాకు ఫ్రీగా పంపారు, డబ్బులేం ఇవ్వలేదు. బ్రాండ్ పేరు గట్టిగా చెప్పమన్నారు గానీ వీడియో ఎటు పోయిందో చూశాక పేరు మీద నేనే స్టిక్కర్ వేసేశా. రేటు, ప్రోటీన్ అవన్నీ వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వదిలేద్దాం.

రుచి చెప్తా. వనామి రకం రొయ్యలు, ఒలిచి నరం తీసినవి. 31/40 కౌంట్ అని ఉంది, అంటే 31 నుంచి 40 రొయ్యలు తూగుతాయని, మన రైతుల లెక్క కేజీకి కదా, ఇది పౌండుకి, కంగారు పడకండి. వేపుడు చేశా, నీళ్లు ఊరలేదు, రబ్బరులా సాగలేదు. పోయినసారి నేను డబ్బులు పెట్టి కొన్నదైతే ఐసు కరిగాక కూర సగం గిన్నెకి వచ్చింది, ఆ కోపం ఇంకా ఉంది.

ఇప్పుడు అసలు విషయం, ఈ నాలుగు స్టార్లు. బీఏపీ, అంటే బెస్ట్ ఆక్వాకల్చర్ ప్రాక్టీసెస్ అనే సర్టిఫికేషన్ లేబుల్ అండి ఇది, హోటల్ స్టార్లు అనుకునేరు, కాదు. మేత మిల్లు, రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీ, చెరువు, ప్రాసెసింగ్ ప్లాంటు, నాలుగూ సర్టిఫై అయితే నాలుగు స్టార్లు. మంచిదే, నేను వెటకారం చేయట్లేదు. మా నాన్న టైగర్ రొయ్య వేసిన రోజుల్లో వైట్ స్పాట్ వైరస్ వచ్చి చెరువు మొత్తం తుడిచిపెట్టేసింది, సీడ్ (రొయ్య పిల్లలు) ఎక్కడిదో అడిగే నాథుడే లేడు. 2009లో వనామికి పర్మిషన్ వచ్చింది, తర్వాత మా గోదావరి వైపు వరి చేలు ఎన్ని చెరువులయ్యాయో మీకూ తెలుసు, అప్పుడు పక్క చేనుకి ఉప్పు దిగుతోందని గొడవలు. కాబట్టి చెరువుని ఎవరో ఒకరు చెక్ చేస్తున్నారంటే నాకు సంతోషమే.

క్యూఆర్ స్కాన్ చేశా. చెరువు ఏ ఊళ్లోదో ఉంది, పట్టుబడి తేదీ ఉంది, యాంటీబయాటిక్ టెస్ట్ కూడా ఉంది. రొయ్య జాతకం మొత్తం ఉందండి! మరి దీన్ని ఒలిచిందెవరు? ఒక్క ముక్క లేదు.

మా పిన్ని రెండేళ్లు పీలింగ్ షెడ్డులో చేసింది, ఏ షెడ్డో చెప్పను. తెల్లారకముందే ఆటో వచ్చేది, కేజీ లెక్కన కూలి, రోజంతా ఐసులో చేతులు, సాయంత్రానికి వేళ్లు తెల్లగా ఉబ్బి అన్నం కలుపుకోడానికే మంట అనేది. 2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ వాళ్లు మన ఆంధ్రా షెడ్లలో కూలీల కష్టాల మీద రాసినప్పుడు అందరూ షాకయ్యారు, పిన్ని మాత్రం "ఇప్పుడు తెలిసిందా వీళ్లకి" అంది. ప్లాంటుకి రూల్స్ ఉంటాయండి, కాదనను, కానీ సరుకు బయట చిన్న షెడ్డుకి వెళ్లి ఒలిపించుకుని తిరిగొస్తే ఆ స్టార్ అక్కడిదాకా వస్తుందా?

అదే కంపెనీకి మెయిల్ పెట్టా, ఒలిచే పని మీ ప్లాంటులోనేనా, బయటా, కేజీకి ఎంతిస్తారు అని. జవాబుగా మడ అడవుల ఫోటోలున్న పీడీఎఫ్ పంపారు. ఫోటోలు బావున్నాయి.

రుచికి ఐదుకి నాలుగున్నర, లేబుల్‌కి రెండు, ఆ రెండూ చెరువుకే. ఇంకో ప్యాకెట్ ఫ్రీజర్లో ఉంది, పండక్కి పిన్ని వస్తుంది, చేత్తో ఒలిచారా మెషిన్ మీదా అని ఆవిడ చేతికిచ్చి అడుగుతా.