‘చూద్దాం లెండి’ అంటే ఏమిటి?

అధ్యాపకులకు, మానవ వనరుల నిర్వహణను (హెచ్‌ఆర్‌ను) ప్రధానాంశంగా ఎంచుకున్న ఎంబీఏ విద్యార్థులకు నమస్కారం.

మన పాఠ్యపుస్తకాలు సంభాషణ శైలులను సాధారణంగా నాలుగుగా చెబుతాయి: అణిగిమణిగి మాట్లాడటం, మీదపడి మాట్లాడటం, పైకి సరేనంటూ లోలోపల ఎదురుతిరగడం, తన మాట నిబ్బరంగా చెబుతూనే ఎదుటివారి మాటకు చోటివ్వడం. చివరిదానికి ‘అసెర్టివ్’ అని రాసి మార్కులు తెచ్చుకుంటాం గాని, ఆ మాటకు నలుగురి నోట నలిగిన తెలుగు పదమేదీ నాకు తట్టదు. మనకు మెత్తనివాడున్నాడు, నోరుగలవాడున్నాడు. ఇద్దరికీ నడుమనున్న మనిషికి మనం ఇంకా పేరు పెట్టుకోలేదు.

గ్రూప్ డిస్కషన్‌లో పక్కవారిని మాట పూర్తిచేయనివ్వని విద్యార్థే, ఇంటర్న్‌షిప్‌కు వెళ్లి మేనేజరు ఎదుట నిలబడగానే ‘ఓకే సార్’ తప్ప మరో మాట ఎత్తడు. గేటు దగ్గర తన తండ్రి వయసున్న సెక్యూరిటీ గార్డును మాత్రం ‘నువ్వు’ అంటాడు. కాబట్టి శైలి పుట్టుకతో వచ్చిన స్వభావమని నేను నమ్మను. ఎదుట ఎవరున్నారన్న లెక్కను బట్టి అది మారుతోంది.

నా తరగతిలో ఒకసారి చిన్న అభ్యాసం చేయించాను. ఒక అమ్మాయి హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్. ఒక అబ్బాయి మెషిన్ ఆపరేటర్. చెల్లి పెళ్లికి ఐదు రోజుల సెలవు కావాలన్నాడు. అతని ఖాతాలో రెండు రోజులే మిగిలాయి. ఆమె కాగితం అటూ ఇటూ తిప్పి, ముఖం చూడకుండా, ‘చూద్దాం లెండి’ అంది. ‘థాంక్స్ మేడమ్’ అని అతను వెళ్లిపోయాడు. ఏం జరిగిందో విడివిడిగా రాయమన్నాను. ‘కుదరదని మర్యాదగా చెప్పాను’ అని ఆమె రాసింది. ‘సెలవు దొరికింది’ అని అతను రాశాడు.

ఇంట్లో ‘చూద్దాం’ అంటే కాదని పిల్లలకు కూడా తెలుస్తుంది. పెళ్లికి టికెట్లు కొనుక్కోవలసిన ఉద్యోగికి అది జవాబు కాదు.

మాటకే ఇంత తిప్పలైతే మౌనం మాటేమిటి? ‘మౌనం అర్ధాంగీకారం’ అన్న సామెతను హెచ్‌ఆర్ గది బయటే వదిలిపెట్టాలి. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం ప్రకారం, 10 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట ఇలాంటి ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదును సాధారణంగా మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. బాధితురాలు రాయలేని స్థితిలో ఉంటే రాయడానికి తోడ్పడవలసిన బాధ్యతను అదే చట్టం కమిటీ సభ్యుల మీద పెట్టింది. అంటే, సగం చెప్పి ఆగిపోయిన మనిషి ముందు తొందరపడకుండా కూర్చోవడం, ఆమె మాటలను మన మాటలుగా మార్చకుండా కాగితం మీదికి తేవడం మంచితనం మాత్రమే కాదు, ఉద్యోగ ధర్మం. క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం మనం నేర్పించే గుక్కతిప్పుకోని ఇంగ్లీషు అక్కడ అక్కరకు రాదు.

ఆ అమ్మాయితో అదే సన్నివేశం మళ్లీ చేయించాను. ఈసారి ముఖం చూసి చెప్పింది: ‘ఐదు రోజులూ జీతంతో ఇవ్వలేనండి. రెండు రోజులు మీ ఖాతాలో ఉన్నాయి. మిగతా మూడు రోజులు లాస్ ఆఫ్ పే మీద, అంటే జీతం లేకుండా, ఇవ్వగలరేమో షిఫ్ట్ ఇన్‌చార్జిని అడిగి, సాయంత్రం నాలుగింటిలోగా ఏ సంగతీ చెబుతాను.’ అతను ముఖం ముడుచుకున్నాడు, థాంక్స్ కూడా చెప్పలేదు. ఇద్దరి కాగితాల మీదా మాత్రం ఒకే సంగతి ఉంది.