కూత పుంజుది, లెక్క పెట్టది

శ్రోతలకు నమస్కారం.

తన కోడీ తన కుంపటీ లేకపోతే ఊరికి ఎలా తెల్లవారుతుందో చూద్దామని అలిగి వెళ్లిపోయిన ముసలమ్మ కథ మనకు తెలిసిందే. ఆ ముసలమ్మను చూసి తరతరాలుగా నవ్వుకున్నాం గానీ, ఆవిడ చంకలోని కోడిని ఎవరూ పట్టించుకోలేదు. ఇంతకీ పుంజు వెలుతురు చూసి కూస్తుందా, పొద్దు పొడవబోతోందని ముందే తెలిసి కూస్తుందా?

జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ సంగతి తేల్చారు. పుంజులను రాత్రీ పగలూ తేడా తెలియకుండా ఒకే మసక వెలుతురులో ఉంచారు. అయినా అవి సుమారు 24 గంటలకోసారి జాము కూత కూస్తూనే ఉన్నాయి. గడియారం వాటి ఒంట్లోనే ఉందన్నమాట. ఇది 2013 నాటి మాట. మరో రెండేళ్లకు ఇంకో తమాషా బయటపడింది. పుంజులు గుంపుగా ఉన్నప్పుడు ముందు కూసేది వాటిలో పెద్దరికం ఉన్న పుంజు. మిగతావి వాటి హోదా ప్రకారం ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటాయి. పెద్దదాన్ని తీసేస్తే రెండోది మొదలుపెడుతుంది. "ఈ దిబ్బ నాది" అని చుట్టుపక్కల పుంజులకు చాటుకోవడమే కూత పని. మనం లేవడం, లేవకపోవడం దానికి అనవసరం.

అర్ధరాత్రి కూత విని గౌతముడు ఏటికి బయల్దేరాడని మన పెద్దలు చెప్పే కథ గుర్తొస్తోంది. వేళగాని వేళ కూత కొత్తేమీ కాదు. లారీ లైటు పడ్డా, పక్క వీధి పుంజు కూసినా మన పుంజు బదులివ్వకుండా ఉండలేదు. కాకపోతే తెల్లవారుజామున ఆ ఊపు ఎక్కువ. కూత చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది. మరి అంత అరుపుకు దాని చెవులే పగిలిపోవాలి కదా? పుంజు నోరు పూర్తిగా తెరిచినప్పుడు చెవి దారి కొంత మూసుకుపోతుంది, కర్ణభేరి సగం దాకా మెత్తటి కండ కప్పుకుంటుంది. చెవులు మూసుకుని అరిచే పిల్లాడి లాంటిదే.

మా నాయనమ్మ ఇంట్లో ఒక పుంజు, ఆరు పెట్టలు ఉండేవి. సాయంత్రం నూకలు చల్లితే ముందు బోసిమెడ పెట్ట వచ్చేది. తర్వాత ఎర్ర పెట్ట. చివర్న ఒక బూడిదరంగు పెట్ట, పాపం, అటూ ఇటూ చూసుకుంటూ అంచున రాలిన గింజలు ఏరుకునేది. అది పొరపాటున మధ్యలోకొస్తే ఎర్ర పెట్ట దాని నెత్తిన ఒక్క పోటు పొడిచేది. బూడిద పెట్ట మారుమాట లేకుండా తప్పుకునేది. నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె అనే ఆయన కూడా చిన్నప్పటి నుంచీ కోళ్లనే చూస్తూ, ఏది ఏదాన్ని పొడుస్తుందో రాసుకుంటూ పోయాడు. 1921లో దాన్ని శాస్త్రంగా ప్రచురించాడు. ఈరోజు ఆఫీసుల్లో పై అధికారి, కింది అధికారి వరసను ఇంగ్లీషులో 'పెకింగ్ ఆర్డర్' (పొడిచే వరస) అంటున్నారంటే, ఆ మాట కోళ్ల దగ్గర నుంచి వచ్చిందే. ఈ వరస ఒకసారి కుదిరితే గొడవలు తగ్గుతాయి. కొత్త కోడిని తెచ్చి గుంపులో వదిలారో, లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది. అందుకే నాయనమ్మ సంతలో కొన్న పెట్టను నాలుగు రోజులు గంప కింద ఉంచి, మిగతావాటికి కళ్లు అలవాటయ్యాకే వదిలేది.

పుంజు విషయానికొస్తే, దాని మర్యాద చూడాలి. పురుగు దొరికితే అది వెంటనే మింగేయదు. ముక్కుతో ఎత్తి, కింద వేసి, మళ్లీ ఎత్తి, "కుక్ కుక్ కుక్" అంటూ తల ఆడిస్తుంది. పెట్ట పరుగున వచ్చి ఆ పురుగు తినేస్తుంది. చూసేవాళ్లకు భార్యాభర్తల ముచ్చటలా ఉంటుంది. కానీ ఒక్కోసారి నోట్లో ఏమీ లేకుండానే పిలుస్తుంది! పెట్టలు అంత అమాయకులేం కావు. ఊరికే పిలిచే పుంజు మాటకు విలువ తగ్గిపోతుంది.

గద్ద కనబడితే పుంజు అరుపు వేరు, పిల్లో కుక్కో వస్తే వేరు. పైనుంచి ముప్పయితే సన్నగా, పొడవుగా ఒకే కీచు. పెట్టలు నేలకు అణిగి ఒక కన్ను పైకి తిప్పుతాయి. నేల మీద నుంచయితే తెగకుండా "కొక్ కొక్ కొక్కో" అని గోల. అప్పుడు మెడలు సాచి చుట్టూ చూస్తాయి. వినే పెట్ట దగ్గర్లో లేకపోతే గద్దను చూసినా పుంజు అంతగా అరవదు. దాని ధైర్యానికీ ప్రేక్షకులు కావాలి మరి.

ఇంత హడావిడి చేసే పుంజుకు పిల్లల విషయంలో మాత్రం పెద్ద అధికారం లేదు. ఒకసారి జత కట్టాక పెట్ట ఆ బీజాన్ని ఒంట్లోనే సన్నటి గొట్టాల్లో దాచుకుంటుంది. రెండు మూడు వారాల పాటు పెట్టే గుడ్లకు అది సరిపోతుంది. మంచి జాతి పుంజును కొత్తగా తెచ్చినవాళ్లు, పాత పుంజును తీసేశాక మూడు వారాలు ఆగితే గానీ వచ్చే పిల్లలు ఎవరివో చెప్పలేరు. పైగా తనకు ఇష్టంలేని చిన్నస్థాయి పుంజు బలవంతంగా మీద పడితే, పెట్ట ఆ బీజాన్ని బయటికి నెట్టేయగలదు. పుట్టేది పుంజా పెట్టా అన్నదీ తల్లి చేతిలోనే ఉంది. మనుషుల్లో ఆడా మగా తేల్చేది తండ్రి కణం. పక్షుల్లో అది తిరగబడింది. ఆడపిల్ల పుట్టిందని కోడలిని సాధించే అత్తలకు మన విషయంలోనే ఆ లెక్క తెలియదు, ఇక కోళ్ల సంగతి ఎవరు చెప్పాలి!

"పుంజు లేకుండా గుడ్డెలా వస్తుందండీ?" అని చాలామంది అడుగుతారు. గుడ్డుకు పుంజుతో పనిలేదు, పిల్లకే పని. పెట్ట కడుపులో ఎడమవైపున ఒక్క అండాశయమే పనిచేస్తుంది. ద్రాక్షగుత్తిలా చిన్నా పెద్దా సొనలు వేలాడుతుంటాయి. పండిన సొన ఒకటి గొట్టంలోకి జారుతుంది. దాచుకున్న పుంజు బీజం ఆ సొనతో కలవాలంటే మొదటి పావుగంట, అరగంటలోనే కలవాలి. తర్వాత సుమారు మూడు గంటల్లో తెల్లసొన చుట్టుకుంటుంది, ఆపైన పలచటి పొరలు. ఆ తర్వాత పెంకు కోసమే 20 గంటల దాకా పడుతుంది. పెంకు పని ఎక్కువగా రాత్రి నడుస్తుంది. అప్పుడు కడుపులో మేత ఉండదు గనక, పెట్ట తన ఎముకల్లోంచి సున్నం తీసి గుడ్డుకు పోస్తుంది. ఆల్చిప్పల పొడి వేయమనేది అందుకే.

మొత్తం కలిపితే గుడ్డుకు 24 నుంచి 26 గంటలు. గుడ్డు పెట్టిన అరగంట, గంట తర్వాత గానీ తర్వాతి సొన జారదు. అందుకే ఈరోజు ఎనిమిదింటికి పెడితే రేపు తొమ్మిదికి, ఎల్లుండి ఇంకా ఆలస్యం. అలా మధ్యాహ్నానికి చేరాక ఒకరోజు నాగా పడుతుంది. "ఇవాళ దీనికి సెలవు" అని నాయనమ్మ నవ్వేది. గంటల లెక్క ఆవిడకు తెలియదు, సెలవు మాత్రం ముందే చెప్పేసేది.

ఒకసారి ఆ ఎర్ర పెట్ట గుడ్లు మానేసి, తల మీద జుట్టు ఎర్రగా పెంచుకుని, ఒకరోజు పొద్దున్నే పుంజులా కూసింది. ఇంట్లో అందరికీ టెన్షన్. పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమని పెద్దలు తేల్చేశారు. ఆ సాయంత్రానికే పులుసైంది. నిజానికి దానికి జబ్బు చేసి ఉండాలి. పనిచేసే ఎడమ అండాశయం దెబ్బతింటే, ఎప్పటినుంచో ముడుచుకుని ఉన్న కుడివైపు గ్రంథి పెరిగి మగ హార్మోన్లు వదలడం మొదలుపెడుతుంది. దాంతో జుట్టు, కూత, నడక అన్నీ మారతాయి. మనవాళ్లే కాదు, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పట్టణంలో 1474లో గుడ్డు పెట్టిందని ఒక పుంజు మీద ఏకంగా విచారణ జరిపి, శిక్ష వేసి కాల్చేశారు. మా ఎర్ర పెట్టకు కనీసం విచారణ కూడా లేదు.

ఇక పొదుగు. కొన్ని గుడ్లు పెట్టాక నాటు పెట్ట ఒంట్లో ప్రోలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. దగ్గరికెళితే ఈకలు నిక్కబొడుచుకుని బుసకొడుతుంది. రోజుకు ఏ కాసేపో లేచి, నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పొట్ట దగ్గర ఈకలు రాలి, వట్టి చర్మం వేడి నేరుగా గుడ్లకు తగులుతుంది. ముక్కుతో గుడ్లను అటూ ఇటూ దొర్లిస్తూ ఉంటుంది, లేకపోతే లోపలి పిల్ల పెంకుకు అతుక్కుపోతుంది. గుడ్ల కోసమే పెంచే ఫారం కోళ్లలో ఈ పొదుగు బుద్ధిని తరతరాలుగా ఏరి ఏరి తగ్గించేశారు. ఏడాదికి 300 గుడ్లు కావాలంటే అది కూర్చుంటే కుదరదు. మన నాటు పెట్ట ఆ సంఖ్యకు దరిదాపుల్లోకి కూడా రాదు, ఏడాదిలో సగం కాలం పిల్లలతోనే సరిపోతుంది.

20వ రోజు సాయంత్రం నాయనమ్మ గడ్డిబుట్టలోంచి ఒక గుడ్డు తీసి నా చెవి దగ్గర పెట్టింది. లోపల చిన్నగా టిక్ టిక్. ఆగి, సన్నటి "కిచ్". బుట్టలోంచి పెట్ట గొంతు తగ్గించి "క్లుక్" అంది. మళ్లీ గుడ్డులోంచి "కిచ్". "చూశావా, ఇప్పట్నుంచే మాటలు" అని నా చేతిలోంచి గుడ్డు తీసుకుని మెల్లగా పెట్ట కిందికి తోసేసింది. బయట పెరట్లో పుంజు, వేళ కాకపోయినా, ఎందుకో కూసింది.