మెట్లు లేని బ్యాంజో: ఆరు నెలలు వాయించాక రివ్యూ

నమస్తే అండీ. ముందు ఈ ముక్క వినండి, తర్వాత మాట్లాడుకుందాం... విన్నారా, ఎంత బొంగురుగా ఉందో! బ్యాంజో అనగానే కొందరికి స్టీలు తీగల గలగల గుర్తొస్తుంది, ఇంకొందరికి ఖవ్వాలీల్లో టైప్‌రైటర్ మీటల్లాంటివి నొక్కుతూ వాయించే బుల్‌బుల్ తరంగ్, దాన్నీ మనదేశంలో బ్యాంజో అనే అంటారు కదా. ఇది ఆ రెండూ కాదు. 1840ల్లో అమెరికాలో, బాల్టిమోర్‌లో విలియం బౌచర్ అని డ్రమ్ములు చేసే ఒకాయన బ్యాంజోలు చేసేవాడు, ఇది వాటిని చూసి ఈమధ్య చేసినది. చెక్క చట్రం, మేకతోలు, దాన్ని బిగించడానికి చుట్టూ డ్రమ్ముకి ఉన్నట్టే కొక్కేలు, ఐదు తంతులు. దండి మీద వీణకున్నట్టు మెట్లు లేవు, ఎక్కడ నొక్కాలో చెప్పే చుక్క కూడా లేదు.

మొదటి రెండు వారాలు నరకం. వేలు వెంట్రుకవాసి జరిగితే అపస్వరమే. కానీ అలవాటయ్యాక స్వరం నుంచి స్వరానికి జారుతుంటే ఆ సుఖం వేరు. సరోద్ విన్నవాళ్లకి వెంటనే అర్థమవుతుంది, దానికీ తోలే, దానికీ మెట్లుండవు.

వాయించే తీరు చూడండి, దగ్గరగా పెడుతున్నా. మీటడం కాదు, చూపుడువేలి గోరుతో పైనుంచి కిందికి కొట్టడం. ఆ వెంటనే బొటనవేలు ఈ పొట్టి ఐదో తంతి మీద. 1855లో బ్రిగ్స్ పేరుతో వచ్చిన పాఠాల పుస్తకంలో ఉన్న పద్ధతి ఇదే. పశ్చిమాఫ్రికాలో జోలా ప్రజలు సొరబుర్రతో చేసుకునే అకోంటింగ్ మీద కూడా చెయ్యి దాదాపు ఇలాగే ఆడుతుంది. బ్యాంజో అసలు అమెరికాకి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వాద్యం. దాన్ని నొటేషన్‌లో రాసి అచ్చేసింది మాత్రం ముఖానికి మసి పూసుకుని, వాళ్లనే వెక్కిరిస్తూ డబ్బులు చేసుకున్న తెల్లవాళ్ల బృందాల తాలూకు మనుషులు. కొన్ని పాటల మాటలు నేను నోటితో అనలేను. బాణీలు మాత్రం వదలను, ఎందుకంటే ఆ చేతి కదలికలో నల్లవాళ్ల సంగీతం మిగిలే ఉంది. అమెరికా నల్లజాతి గాయని రియానన్ గిడెన్స్ ఇలాంటి మెట్లు లేని బ్యాంజోనే పట్టుకుని పాడతారు, ఒకసారి విని చూడండి.

ఇక నా తెలివితక్కువ పని. పుస్తకంలో శ్రుతి డి, జి, డి, ఎఫ్ షార్ప్, ఏ అని ఉంది, అంటే ఇప్పటి బ్యాంజోలకంటే బాగా కింద. నేను అక్కడ ఆగకుండా ఇంకా పైకి బిగించాను, పేగు తంతి ఫట్‌మని తెగి చెంప మీద చరిచింది. ఇప్పుడు నైలాన్ రకం వేశాను, ధ్వనిలో కాస్త తేడా ఉంది, పర్సుకి హాయి.

ఇంకో తలనొప్పి తోలు. వానాకాలం వస్తే జారిపోతుంది, మన డప్పు వాళ్లు మంట దగ్గర కాచుకుంటారే, నేను హెయిర్ డ్రైయర్‌తో ఆ పని చేస్తున్నాను. అమ్మినాయన ప్లాస్టిక్ తోలు వేయించుకోమన్నాడు. ఒకరోజు వేయించాను కూడా. శ్రుతి కదల్లేదు, కానీ ఇందాక విన్న ఆ బొంగురు పోయింది, సాయంత్రానికి మళ్లీ మేకతోలే.

బ్లూగ్రాస్ అని అమెరికాలో వేగంగా సాగే జానపద బాణీ ఒకటుంది, అది స్పీడుగా వాయించాలనుకుంటే ఇది కొనకండి. నెమ్మదిగా, చెవి పెట్టి నేర్చుకునే ఓపికుంటే కొనుక్కోవచ్చు. బయట మబ్బు పట్టింది, తోలు జారకముందే ఇంకో ముక్క వాయించేస్తా, ఉండండి.